అరికాలి కాటుక

లేజర్ గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెంట్రుకలు కాలిన వాసన సన్నగా బయటికి వస్తుంది. బెంచీ మీది తల్లులు ముక్కు చిట్లించి నా వంక బెదురుగా చూస్తారు. శాలిబండలోని ఈ కంటి ఆసుపత్రిలో ఆపరేషనుకు వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పడం నా ఉద్యోగం. నాకు మాత్రం ఆ వాసన తగిలితే డాక్టర్ సుగుణమ్మ గుర్తుకొస్తుంది.

ఆమె దగ్గరికి నేను మొదట వచ్చింది సోడాబుడ్డి కళ్లద్దాలు వదిలించుకుందామని, మాదన్నపేట నుంచి అమ్మను వెంటబెట్టుకుని. మా మేనమామకు వర్క్‌షాపులో ఇనుప రజను పడి ఒక కన్ను పోయింది. అప్పటినుంచి అమ్మకు కంటి మాటెత్తితేనే హడలు. "ఏం కాదు గదా డాక్టరమ్మా?" అని అడిగింది.

"ఏం కాదని ఒట్టేసేటోళ్ల దగ్గరికి పోకు అక్కా," అంది సుగుణమ్మ. "కొన్నాళ్లు కండ్లు పొడిగుంటయి. రాత్రి లైట్ల చుట్టూ గుండ్రాలు కనవడొచ్చు. అంతకన్న పెద్ద తిప్పలు అరుదు, అయినా ఉంటయి. అందుకే ఇన్ని పరీక్షలు. కంటిపొర పలుచగుంటే నేనే వద్దంటుంటి."

"తుమ్మొస్తే?" అన్నాను. ఆమె నవ్వలేదు. నన్ను మిషను కింద పడుకోబెట్టి, లేజరు వదలకుండా ఉత్తగా నడిపి దాని టకటక చప్పుడు వినిపించింది. "కన్ను పక్కకు జరిగితే మిషనే ఆగుతది. వాసనొస్తది, కన్ను కాలుతదని ఫికర్ చెయ్యకు." ముందే చెప్పిన భయం సగం భయమేనని ఆమె లెక్క.

ఆపరేషను రోజు పొద్దున్నే అమ్మ నా కళ్లకు దట్టంగా కాటుక దిద్దింది. వద్దన్నారు కదా అంటే, "వాళ్లు వద్దన్నది సోకు కాటుక బిడ్డా, ఇది దిష్టికి," అంది. సుగుణమ్మ ఒక్క చూపు చూసి మిషను ఆపించింది. "ఇయ్యాల వద్దు. కాటుక కంట్ల ఉంటే చీము పట్టొచ్చు. వచ్చే వారం రాండ్రి."

అపశకునమని అమ్మ అక్కడే ఏడ్చేసింది. సుగుణమ్మ పక్కన కూర్చుని, "నీ కాటుక మంచిదే అక్కా, జాగనే తప్పింది. ఈసారి అరికాలికి పెట్టు, ఆడ నాకు అడ్డం రాదు," అంది. ఏడుస్తూనే అమ్మ నవ్వింది. నా భయం ఆ రోజే పోయింది. అంతా సిద్ధమయ్యాక కూడా ఆగగలిగిన మనిషికి కళ్లు అప్పగించడానికి ఇక జంకెందుకు?

మరుసటి వారం అరికాలి కాటుకతో మిషను కింద పడుకున్నాక ఆ వాసన వచ్చింది. నేను కదలలేదు. లేచి కూర్చున్నాక గుమ్మంలో నిలబడ్డ అమ్మ కొంచెం మసకగా, కళ్లద్దాల్లేకుండానే కనిపించింది.

సుగుణమ్మ ఇప్పుడు బతికి లేదు. ఆమె గొంతు వినాలని ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఈ పొద్దున ఒక తల్లి కొంగుచాటు నుంచి కాటుక డబ్బీ తీస్తుంటే చూశాను. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"కండ్లకు వద్దు అక్కా. బిడ్డను కాలు చాపమను."