దర్శిలో రెండు రేంజ్‌ఫైండర్లు, ఆరు మిరపకాయలు

పోయిన ఏడాది నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో, పత్తి రైతు చనిపోయిన ఇంటికి వార్త కోసం వెళ్ళాను. గదిలో పదిమంది ఉన్నా ఎవరూ మాట్లాడటం లేదు. నేను ఫొటో తీయగానే ఆఫీసు కెమెరాలో అద్దం లేచిపడిన చప్పుడుకి ఆయన భార్య తలెత్తి చూసింది. రెండో ఫొటో తీయలేకపోయాను. చప్పుడు తక్కువ చేసే కెమెరా కోసం వెతకడం అప్పుడే మొదలైంది. రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఆ అద్దం ఉండదు. లెన్సు గుండా కాకుండా, పైనున్న చిన్న కిటికీ గుండా చూస్తాం. కిటికీ నడుమ ఒక మచ్చలో వస్తువు రెండుగా కనిపిస్తుంది. లెన్సు రింగు తిప్పుతూ ఆ రెండూ ఒకటైనప్పుడు నొక్కాలి. కొత్తవి నా జీతానికి అందవు. దర్శిలో స్టూడియో నడిపే మస్తాన్ గారి దగ్గర రెండు పాతవి అమ్మకానికి ఉన్నాయని ఒంగోలు విలేకరి ఒకరు చెప్పారు.

ఫిబ్రవరి చివర ఒక శనివారం ఉదయం ఆరుంబావుకి గుంటూరులో అద్దంకి బస్సెక్కాను. టికెట్ ముప్పై ఎనిమిది రూపాయలు. చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు ముందు పత్తి లారీలు రోడ్డు మీదికి వచ్చేయడంతో పావుగంట ఆగిపోయాం. ఎనిమిదిన్నరకి అద్దంకి చేరి, స్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, తొమ్మిది గంటల దర్శి బస్సు పట్టుకున్నాను. ఇంకో పద్దెనిమిది రూపాయలు. ఈ దారిలో రోడ్డుకి రెండు వైపులా మిరప కల్లాలే. కాయలు ఎండబోసి ఉన్నాయి, గాలి మా వైపే వీస్తోంది. నాకు తుమ్ములు ఆగలేదు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. కండక్టర్ నవ్వాడు.

"కొత్తా సార్? మాకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా కళ్ళు ఇంతే. డాక్టరు దగ్గరికి పోతే ముందు ఆయన కళ్ళు తుడుచుకుని, తర్వాత మన కళ్ళు చూస్తాడు."

స్టూడియో బస్టాండుకి అయిదు నిమిషాల నడక. ముందు గదిలో నీలం తెర, ఒక స్టూలు. వెనక చీకటి గది, ఆ వెనకే ఇల్లు. మస్తాన్ గారికి అరవై దగ్గర పడుతున్నాయి. కెమెరాలు రెండూ బల్ల మీద గుడ్డ పరిచి పెట్టి ఉంచారు. ఒకటి జపాన్ బాడీ, దానికి యాభై మిల్లీమీటర్ల లెన్సు. ముప్పై ఏళ్ళుగా ఆయన పెళ్ళిళ్ళు తీసింది దాంతోనే. రెండోది రష్యా బాడీ, కాస్త మొరటుది, దానికి ముప్పై అయిదు లెన్సు. నా చెయ్యి జపాన్ దాని మీదికే పోయింది.

"అది పాడైపోయిందండి. ముందే చెప్తున్నా," అన్నారాయన. "రెండేళ్ళుగా ఫోకస్ తప్పుతా ఉంది. కిందటేడు ఒక పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు తీసినవన్నీ మసకే. పెళ్ళికొడుకు నాన్న నలుగురిలో నిలబెట్టి అడిగాడు. తర్వాత ఒక్క పెళ్ళీ రాలా. మెకానిక్ దగ్గరికి రెండుసార్లు పంపించా. బాగానే ఉందంటాడు, డబ్బులు తీసుకుంటాడు. ఇంక చాలండి. రెండూ ఇచ్చేసి ఈ నెలాఖరుకి షాపు మూసేస్తా. రెంటికీ కలిపి మూడు వేలివ్వండి."

మంచి స్థితిలో ఉంటే ఆ జపాన్ బాడీ ఒక్కటే అంతకు మూడు రెట్లు పలుకుతుంది. కిటికీలో చూశాను. మచ్చలో తలుపు గొళ్ళెం రెండుగా కనిపించి, రింగు తిప్పగానే చక్కగా ఒకటైంది. కానీ కిటికీలో ఒకటైనంత మాత్రాన ఫిల్ము మీద ఫోకస్ కుదిరినట్టు కాదు. ఒక రోలు తీసి చూద్దామన్నాను. ఎండలో వద్దు, నీడ ఉన్నచోట అయితే లెన్సులోకి వెలుతురు వచ్చే రంధ్రం, ఎపర్చర్, పూర్తిగా తెరవొచ్చని ఆయనే చెప్పి, రోడ్డవతల కోటయ్య గారి కల్లానికి తీసుకెళ్ళారు. కోటయ్య గారు ఆయనతో కలిసి చదువుకున్న రైతు. పాక కింద ఖాళీ మంచం మీద, కెమెరాకి దగ్గర నుంచి దూరానికి, జానెడేసి ఎడంతో ఆరు మిరపకాయలు వరసగా పేర్చాను.

"ఏందిరా మస్తానూ, కాయలకి రేషన్ కార్డు తీస్తన్నావా?" అన్నారు కోటయ్య గారు.

"నీ మొహం తీసీ తీసీ విసుగొచ్చింది. ఇవన్నా కదలకుండా ఉంటయ్యి."

"ఆ తాలుకాయ తీసెయ్యండి సార్. ఫొటోలో పడితే నా సరుకు రేటు పడిపోద్ది."

తెల్లబారిన ఆ కాయ తీసేసి ఎర్రటిది పెట్టాను. ఎపర్చర్ పూర్తిగా తెరిస్తే ఏ కాయ మీద ఫోకస్ చేస్తే అదొక్కటే స్పష్టంగా రావాలి. గురి మూడో కాయ. మస్తాన్ గారు అయిదు ఫొటోలు తీశారు. ప్రతి ఫొటోకీ ముందు కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "ఈ ఘాటొకటి," అని గొణుక్కున్నారు. తర్వాత అదే కెమెరా, అదే లెన్సుతో, అదే చోట కూర్చుని నేను అయిదు తీశాను.

చీకటి గదిలో ఫిల్మును రీలుకి ఎక్కించడం చేతి స్పర్శతోనే జరిగే పని. ఆయన రెండు నిమిషాల్లో ముగించారు, ఒక్క మడత పడలేదు. ఫిల్ము కడిగి ఆరేశాక, అది ఆరేలోపు ఆయన భార్య కాశింబీ గారు అన్నం పెట్టారు. వంకాయ కూర, పండుమిరప పచ్చడి. తింటూ నరసరావుపేట దగ్గరి ఆ ఇంటి సంగతి చెప్పాను. పన్నెండున్నరకి నెగటివ్‌ను కిటికీ వెలుతురుకి పట్టుకుని భూతద్దంతో చూశాను. నావి అయిదింటిలోనూ మూడో కాయ తొడిమ దాకా స్పష్టంగా ఉంది. ఆయనవి ఒకదాంట్లో అయిదో కాయ, ఒకదాంట్లో మొదటిది, ఒకదాంట్లో ఆరోది స్పష్టంగా ఉన్నాయి. మిగతా రెంటిలో ఏదీ లేదు.

కెమెరా తప్పితే ఎప్పుడూ ఒకే వైపుకి తప్పుతుంది, ఎవరు తీసినా తప్పుతుంది. ఇది అలా లేదు. నేను నోరు మెదపకుండా మూడు వేలిచ్చి బస్సెక్కితే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన నాకు రాలేదని చెప్పను.

"ఎట్లా ఉన్నయ్యి?" అన్నారాయన.

చూసింది చూసినట్టు చెప్పాను. నావి ఎక్కడ పడ్డాయో, ఆయనవి ఎక్కడ పడ్డాయో వరసగా చెప్పి ఆగాను. ఆయన భూతద్దం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. కాసేపు చూసి, అద్దం బల్ల మీద పెట్టేశారు.

"అయితే కెమెరా మంచిదేనా?"

"మంచిదేనండి."

"పాపం, ఆ మెకానిక్‌ని రెండేళ్ళు దొంగన్నానండి," అన్నారు.

కాశింబీ గారు గుమ్మంలోంచి అందుకున్నారు. "నేను చెప్తానే ఉన్నా సార్. టీ గ్లాసులో కాకుండా సాసర్లో పోస్తన్నారు. లైటు చుట్టూ పొగంటారు. అడిగితే కాయల ఘాటంటారు. ఆగస్టులో ఏం ఘాటండీ? ఆగస్టులో ఈ ఊళ్ళో కాయెక్కడుంది?"

"నువ్వు నోరుమూసుకో," అన్నారాయన. ఆ మాటలో కోపం లేదు.

కెమెరా సంగతి ఆయనే తేల్చారు. "జపాన్‌ది ఇప్పుడు అమ్మనండి. మీ పనికి అసలు యాభై లెన్సు వద్దు. పూరింట్లో కూర్చుంటే వెనక్కి జరగడానికి చోటెక్కడిది? ముప్పై అయిదు అయితే కూర్చున్నచోటే గదంతా వస్తది. దూరం ఆరడుగులకి పెట్టి వదిలెయ్యండి, ఇంక రింగు ముట్టుకోనక్కర్లా." రష్యా బాడీ, ముప్పై అయిదు లెన్సు, ఆ లెన్సులో ఎంత మేర పడుతుందో చూడటానికి పైన తగిలించే చిన్న ఫైండర్ పన్నెండు వందలకి ఇచ్చారు. షట్టర్ చప్పుడు జపాన్ దానికన్నా ఎక్కువే, కానీ ఆఫీసు కెమెరా అద్దంతో పోలిస్తే ఏమీ లేనట్టే.

నా తిరుగు రైలు ఒంగోలులో. రెండున్నర ఒంగోలు బస్సుకి ఆయన, కాశింబీ గారు కళ్ళు చూపించుకోవడానికి నాతోపాటే ఎక్కారు. టికెట్ ఇరవై అయిదు. అయిదు గంటలకి ఒంగోలులో కంటి డాక్టరు చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని, కుడి కన్ను బాగా ముదిరిందని చెప్పారు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నారు. మస్తాన్ గారు అడిగింది ఒక్కటే: "మే నెల పెళ్ళిళ్ళకి అందుతానా?" వచ్చే వారం కుడి కన్నుకి చేయించుకుంటే అందుతారని డాక్టరు అన్నారు. రాత్రి బస చేయాల్సిన పని లేదని తెలుసుకుని ఆయన మంగళవారానికి పేరు రాయించుకున్నారు. నేను రైల్వే స్టేషన్‌కి వెళ్ళిపోయాను.

ఇన్నేళ్ళ విలేకరి ఉద్యోగంలో మనిషి చెప్పింది నమ్మాలా, కాగితం మీదున్నది నమ్మాలా అన్న తర్జనభర్జన నాకు కొత్త కాదు. ఇక్కడ ఆయన అబద్ధం చెప్పలేదు, మెకానిక్ మోసం చెయ్యలేదు, కెమెరా పాడవలేదు. ఏడాదిలో నాలుగు నెలలు ఊరందరి కళ్ళూ కారే చోట ఒకరి కంటి జబ్బు మిగతావాళ్ళ కన్నీళ్ళలో కలిసిపోయింది. అంతే జరిగింది. దానికి ఆయన ముప్పై ఏళ్ళ పని పోగొట్టుకోబోయారు.

పాత రేంజ్‌ఫైండర్ కొనడానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట: వెంట ఒక ఫిల్ము రోలు తీసుకెళ్ళండి. సగం మీరు తీయండి, సగం అమ్మేవాళ్ళ చేత తీయించండి, బేరం ఆ తర్వాతే మాట్లాడండి. రెండు సగాలూ ఒకేలా తప్పితే కెమెరా వదిలేసి రండి. వాళ్ళ సగం ఒక్కటే తప్పితే, ధర సంగతి తర్వాత, ముందు ఆ మాట వాళ్ళకి చెప్పండి.