రాయి పడింది

ద్వారకానాథ్ వేలికి ఉంగరం ఉండేది కాదు. ఇంకొకరి వేలికి ఉంటే ఊరుకునేవాడూ కాదు. మా కొండమీది ఊరు టూవూంబాలో తెలుగువాళ్ళం ఎక్కడ బార్బెక్యూ పెట్టుకున్నా, ఎవరి చేతికో పుష్యరాగం కనిపిస్తే చాలు, పాఠం మొదలు. యూనివర్సిటీలో రోమన్ల చరిత్ర చెప్పే మనిషి, అందులోనూ తాయెత్తుల పిచ్చి.

"వాళ్ళకీ మీకూ తేడా ఏముందయ్యా? వాళ్ళు కడుపునొప్పికని పచ్చరాయి మీద సింహం తల పాముని చెక్కించుకున్నారు. మీరు ప్రమోషన్‌కని పెట్టుకున్నారు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. డాక్టర్ని, రాళ్ళ మీద నమ్మకం నాకూ లేదు. అయినా పిలిచి అన్నం పెట్టినవాడిని వెక్కిరించడమేమిటి?

అప్పటి రహస్య మతాల గురించి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గేది. ఐసిస్ దేవత దీక్ష తీసుకున్నవాళ్ళు లోపల ఏం చూశారో బయట చెప్పకూడదట. "మిస్టరీ అన్న మాటకి మూలం నోరు మూసుకోవడమే, హేమచంద్రా" అనేవాడు. "ఆ దీక్షేదో మీరెప్పుడు పుచ్చుకుంటారండీ?" అనేది భార్య శేషుకుమారి. అందరం నవ్వేవాళ్ళం.

ఆ శేషుకుమారికే కడుపులో క్యాన్సర్. ముదిరాక బయటపడింది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు ఆమె ఎదుటే చెప్పాడు. ఆమె ఏడవలేదు. "పెర్త్ నుంచి చైత్ర వచ్చేదాకా ఉంటే చాలు" అంది. చైత్ర వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, అక్కడ చదువుకుంటోంది.

ద్వారకానాథ్ మర్నాటి నుంచి రాళ్ళు సానపట్టే క్లబ్బుకి పోవడం మొదలుపెట్టాడు. రిటైరైనవాళ్ళు పొద్దుపుచ్చుకునే రేకుల షెడ్డు అది. వెతుక్కుంటూ వెళ్తే పచ్చరాయి మీద వంగి ఉన్నాడు. సింహం తల, చుట్టూ కిరణాలు, కింద పాము ఒళ్ళు, గ్రీకు అక్షరాలు.

"ముద్ర ఉంగరమైతే అక్షరాలు తిరగేసి చెక్కాలి. తాయెత్తుకి తిన్నగానే ఉండాలి" అన్నాడు, క్లాసులో చెప్తున్నట్టే. నాలుగు మాటలు అందామనుకుని వెళ్ళినవాణ్ణి, బల్ల మీది లైటు ఆ రాయి దగ్గరికి జరిపాను.

అక్కడితో ఆగినా బాగుండేది. కొత్త రాయి దిండు కింద పెట్టుకు పడుకోవాలి, మంచి కల వస్తే పడినట్టు, లేకపోతే పడనట్టు అని వాళ్ళ నాయనమ్మ అనేదట. ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పి నవ్వించినవాడు, రాయిని భార్య దిండు కింద పెట్టి, రోమన్ల రాయికి గోదావరి జిల్లా పరీక్ష పెట్టాడు.

పొద్దున్నే ఫోను. "పడిందయ్యా! కలలో హెలెన్స్‌బర్గ్ గుళ్ళో పులిహోర తిందట. కడుపునిండా తిందటయ్యా!" ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను. నా ఏడుపు వేరు.

కొన్నాళ్ళకి ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. ఆ రాయి మెళ్ళో ఉంది, కడుపు మీదికి వేలాడేలా పొడుగు దారంతో. నేను వెళ్ళేసరికి భర్తను అడుగుతోంది.

"చైత్ర ఫ్లైట్ ఎప్పుడండీ?"

"ఎందుకా తొందర? రాయి పడిందిగా! షుడ్ ఐ కమ్ నౌ డాడ్ అని అదే అడిగింది. అమ్మకి బాగైపోతోంది, ఎగ్జామ్స్ అయ్యాక రమ్మన్నా."

ఆమె అతని మొహంలోకి చూసింది. "కాఫీ తెచ్చిపెడతారా?" అని బయటికి పంపింది. తాగడానికి కాదని నాకు తెలుసు. చుక్క నీళ్ళు కూడా దిగడం లేదు.

"అన్నయ్యగారూ, ఆ రాత్రి నొప్పికి నాకసలు కన్నే మూతపడలేదు. కలెక్కడిది? తెల్లారకుండానే వచ్చి, పడిందా కుమారీ పడిందా అని అడిగారు. ఆ మొహం చూసి లేదని ఎలా చెప్పను?" నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకి చెప్పకండి. నా పిల్లని మాత్రం రమ్మనండి."

వరండాలోకి పరిగెత్తి ఫోను చేశాను. చైత్ర దొరికిన విమానం ఎక్కింది. బ్రిస్బేన్‌లో దిగి, కారులో కొండ ఎక్కి వచ్చేసరికి తల్లి లేదు.

దహనమైన తర్వాత ద్వారకానాథ్ ఆ రాయిని కిటికీ దగ్గర పెట్టుకుని భూతద్దంతో ఒక్కో అక్షరం చూస్తున్నాడు. "కల వచ్చింది కదయ్యా. పులిహోర తింది కదా. మరి చెక్కడంలో ఎక్కడ తప్పు చేశానంటావు?"

చైత్ర తండ్రిని చూసి, నావైపు తిరిగింది. "వాట్ డ్రీమ్, అంకుల్?"

నేను నోరు మూసుకున్నాను.