హుసేనమ్మ కుడి చెయ్యి

ఆ ఉదయం ఆపరేషన్ గదిలో ఉన్నది ఆరుగురం: సర్జన్, ఆయన అసిస్టెంటు, మత్తు డాక్టరమ్మ, స్టాఫ్ నర్సు, నేను, బల్ల మీద హుసేనమ్మ. వస్తువుల్లో ఈ సంగతికి అవసరమైనవి నాలుగు: మత్తు మెషిను, మానిటరు, చేతికి బిగించే గాలిపట్టీ, నరానికి చిన్న షాకు ఇచ్చి కండరం కదులుతుందో లేదో చూసే స్టిములేటరు. ఏడో మనిషి లేడు. ఎవరైనా దయ్యం మాట ఎత్తితే గదిలో ఎందరున్నారు, వెలుతురెంత, చెప్పేవాడు తాగి ఉన్నాడా అని అడిగే రకం నేను. ఇప్పటికీ అదే రకం.

మాది కడప. అనస్థీషియా టెక్నాలజీ చదివి కర్నూలులో ఒక పరిశోధనలో పనిచేస్తున్నాను. మత్తులో ఉన్న రోగికి లోపల మెలకువ మిగులుతుందా అన్నది మా ప్రశ్న. పెద్ద ఆపరేషన్లలో మత్తుతో పాటు కండరాలు కదలకుండా ఇంకో మందు ఇస్తారు. మత్తు చాలకపోతే రోగికి మెలకువ వస్తుంది, కానీ వేలు కదపలేడు, అరవలేడు.

అందుకని ఆ మందు ఎక్కించే ముందు కుడి చేతికి పట్టీ కట్టి పంపుతో గాలి కొడతాం. రక్తం ఆగుతుంది కాబట్టి మందు ఆ చేతికి చేరదు. ఆ ఒక్క చెయ్యి కదలగలదు. దాన్ని పట్టుకుని చెవి దగ్గర పదే పదే అడగడం నా పని: వినపడితే నా చెయ్యి నొక్కమ్మా అని.

హుసేనమ్మది మైదుకూరు దగ్గర పల్లె. పరుపులు కుట్టే ఇల్లు. గర్భసంచిలో పెద్ద గడ్డ. ముందు రోజు పరిశోధన గురించి చెప్పి సంతకం అడిగితే ఆమె అడిగింది ఒకటే. "నడిమధ్యలో మేలుకుంటే ఎవురికి చెప్పాల నాయనా?"

నాకే చెప్పు పెద్దమ్మా, నీ చెయ్యి పట్టుకునే ఉంటా అన్నాను.

"మా ఆయన ముప్పై ఏండ్ల కాపురంలో ఇంతసేపు పట్టుకోల్యా," అని నవ్వి వేలిముద్ర వేసింది.

కోత మొదలైన పదిహేనో నిమిషంలో రక్తం పోసాగింది. పై బీపీ నూటపది నుంచి అరవై రెండుకు పడింది. మత్తు గ్యాసు బీపీని ఇంకా దించుతుంది కాబట్టి డాక్టరమ్మ దాన్ని దాదాపు మూసేసింది. వేరే దారి లేదు. బ్లడ్ బ్యాంకు నుంచి రక్తం ఇంకా రాలేదు.

అప్పుడు అడిగాను. చెయ్యి నొక్కింది.

గ్లవుజులోంచి స్పష్టంగా తెలిసింది. నాలుగు వేళ్లూ ఒకేసారి బిగిసి వదిలాయి. నొప్పి ఉంటే రెండుసార్లు నొక్కమన్నాను. రెండుసార్లు నొక్కింది.

మేలుకుంది మేడమ్, నొప్పంటోంది అన్నాను. డాక్టరమ్మ మానిటరు మీంచి కళ్లు తీయలేదు. "గ్యాసు పెంచితే గుండె ఆగిపోతాది. రక్తం రానీ," అంది.

సర్జన్ చేతులు ఆమె కడుపులోనే ఉన్నాయి. తీస్తే రక్తం ఆగదు. ఆయన నావైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

మాకు తెలిసింది పెద్దమ్మా, కొంచెం ఓర్చుకో అన్నాను. నొక్కింది. రక్తం వస్తోంది అన్నాను. నొక్కింది. ఫారంలో ఎడమ చేత్తో ఒక్కో నొక్కుకు ఒక్కో గీత గీస్తున్నాను. ఏ దేవుడికీ మొక్కని నేను ఆ నిమిషాల్లో ఎవరినో బతిమాలాను. మత్తు రానీ, లేకపోతే ఈమెకు ఏదీ తెలియకుండా ప్రాణమైనా పోనీ అని కూడా అనుకున్నాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మ బీపీని దించని ఇంకో మత్తు మందు తీయించి కొద్ది కొద్దిగా ఎక్కించింది. రక్తం వచ్చింది. బీపీ ఎనభై దాటింది. చెయ్యి మెత్తబడింది. మొదటి నొక్కు నుంచి అప్పటికి ఏడు నిమిషాలు.

పట్టీ ప్రెషరు ఎంతలో ఉందో చూడమంది డాక్టరమ్మ. గుడ్డ ఎత్తి చూశాను. పట్టీ గాలి లేక వదులుగా ఉంది. పంపు మీటరు సున్నా చూపిస్తోంది.

ఫారంలో మాత్రం నా రాతలోనే 250 అని ఉంది. రోజూ అంతే కాబట్టి గాలి కొట్టకముందే రాసిపెట్టుకునే అలవాటు నాది. ఆ రోజు రాశాక ఎవరో సాయానికి పిలిస్తే వెళ్లాను. తిరిగొచ్చి అంకె చూసి, కొట్టాననుకున్నాను. పంపు మెమరీలో ఆ ఉదయం ఒక్క ఎంట్రీ కూడా లేదు.

అంటే మందు ఆ చేతికీ చేరింది. డాక్టరమ్మ వెంటనే కుడి మణికట్టు మీద స్టిములేటరు పెట్టి నాలుగు షాకులిచ్చింది. బొటనవేలు ఒక్కదానికీ కదలలేదు. అదే స్టిములేటరు నా మణికట్టు మీద పెడితే నా వేలు ఎగిరిపడింది.

"ఈ చెయ్యి ఎట్ల నొక్కిందప్పా?" అంది మెల్లగా.

మరుసటి రోజు వార్డులో హుసేనమ్మను మా పద్ధతి ప్రకారం అడిగాను: నిద్రకూ మెలకువకూ మధ్య ఏమైనా గుర్తుందా అని.

"అంతా గుర్తుండాది. కడుపులో చేతులు తిరుగుతాండాయి. నువ్వు నొక్కు నొక్కు అంటాండావు. నొక్కాలని శానా సూసినా నాయనా. చెయ్యి కదల్లా. మట్టి పోసి పూడ్సినట్టుండె. ఇంగ ఎవురికీ తెలీదు, ఇట్లే పోతా అనుకుంటి." మళ్లీ తనే అడిగింది. "మేలుకున్యానని నీకెట్ల తెలిసె?"

నువ్వే నొక్కావు కదా పెద్దమ్మా అన్నాను.

"నేను నొక్కల్యా."

గాలి కొట్టకపోవడం నా తప్పేనని చెప్పాను. క్షమించమన్నాను. ఆమె తిట్టలేదు. కుడి చెయ్యి మాత్రం దుప్పటి లోపలికి లాక్కుంది.

నా వేళ్లే వణికాయేమోనని తర్వాత స్టాఫ్ నర్సు చెయ్యి గుడ్డ కింద గంటసేపు పట్టుకుని చూశాను. అలాంటిదేమీ తెలియలేదు. సర్జన్ గానీ అసిస్టెంటు గానీ ఆనుకున్నారా అంటే, ఆ చెయ్యి బల్ల పక్కకు చాపిన పలక మీద ఉంది, దాని దగ్గర నేనొక్కణ్ణే. ఒక్క నొక్కయితే భ్రమ అనుకుని మరిచిపోయేవాణ్ణి. అడిగినదానికి జవాబుగా వచ్చినవాటిని ఏమనాలో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఫారంలో 250 కొట్టేసి సున్నా రాసి, పక్కన సంతకం పెట్టాను. కదలని చేతికి నొక్కుల గడిలో కూడా సున్నాయే రాయాలన్నారు పరిశోధన నడిపేవాళ్లు. నేను రాయలేదు. గీతలు మళ్లీ లెక్కపెట్టాను. పదకొండు.