మమ్మల్ని ఎందులో రాసుకున్నారు

1982 నవంబరులో సైనికుడిగా అలాస్కాలో దిగాను. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. ఫారెన్‌హైట్ లెక్కన సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. తెల్ల రబ్బరు బూట్లు, రెండు జతల చేతితొడుగులు చేతిలో పెట్టారు.

అంతకుముందు మిచిగన్‌లో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆ పని పోయాక, నా భార్య సుగుణని అక్కడే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంచి అమెరికా సైన్యంలో చేరాను. అప్పటికి నిర్బంధ సైనికసేవ లేదు. మమ్మల్ని తరిమింది ఉద్యోగాల కరువే. మా రేడియో ఆపరేటర్‌దీ అదే కథ, వాడిది డెట్రాయిట్.

జనవరిలో ఒకరోజు సార్జెంట్ పేపరు చూస్తూ అన్నాడు.

"ఈ నెల నుంచి నిరుద్యోగం లెక్కలు తీసేటప్పుడు దేశంలో ఉన్న సోల్జర్లందర్నీ ఉద్యోగులుగా లెక్కేస్తారట."

"నిన్నటిదాకా?" అన్నాను.

"ఏ లెక్కలోనూ లేం. జర్మనీలో ఉన్న మనవాళ్లు ఇప్పటికీ లేరు."

రేడియో ఆపరేటర్ తల ఎత్తలేదు. "మనం కూర్చున్నచోటే ఉన్నాం. నిరుద్యోగం శాతం మాత్రం తగ్గింది."

ఆదివారం ఫోన్‌లో సుగుణకి చెప్పాను. ఆమెకి విసుగొచ్చింది.

"చర్చిలో అంకుల్ ఇవాళ కూడా, ఆర్మీ సరే, మీ ఆయనకి జాబ్ దొరికిందా అమ్మా అని అడిగారండీ. గవర్నమెంట్ లెక్కలో దొరికిందని చెప్పనా?"

ఫిబ్రవరిలో మంచులో విన్యాసాలు. ఉదయం తొమ్మిది నలభై. సున్నాకి నలభై రెండు కింద. మావాళ్లు నలుగురున్న బండి పొగమంచులో దారి తప్పింది. మా యాంటెన్నా కనెక్షన్ ఊడిపోయింది.

"గ్లవ్ తీయకుండా బిగించు," అన్నాడు సార్జెంట్.

"పట్టు దొరకట్లేదు," అన్నాడు రేడియో ఆపరేటర్.

వాడు కుడిచేతి తొడుగు తీసేశాడు. ఉత్తచేత్తో లోహం పట్టుకుని బిగించాడు. బండితో మాట కలిసింది. "అక్కడే ఉండండి. వస్తున్నాం," అని మూడుసార్లు చెప్పాడు. నలుగురూ దొరికారు. వాడి మూడు వేళ్లు మాత్రం ఆసుపత్రిలో తీసేశారు. మే నెలలో ఇంటికి పంపేశారు.

1984 అక్టోబరులో నేను తిరిగి వచ్చాను. డెట్రాయిట్‌లో వాళ్ల అమ్మగారింట్లో వాడిని కలిశాను. ఈమధ్యే ఉద్యోగాల లెక్కలు రాసుకునే సర్వే ఆవిడ వచ్చి వెళ్లిందట.

"గత నాలుగు వారాల్లో పని వెతికారా అంది. లేదన్నా. ఈ చేతికి ఎవరిస్తారు? మరి నన్ను ఎందులో రాస్తారని అడిగా. లేబర్ ఫోర్స్‌లో లేనట్టేనంది."

"అంటే నిరుద్యోగివి కూడా కాదా?"

"కాదట. మంచులో ఉన్నప్పుడు ఉద్యోగిని. ఇక్కడ ఏమీ కాదు."

నాకు ఒళ్లు మండింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. వాడు మాత్రం సొరుగులోంచి ఒక గోదాము ఉద్యోగం ఫారం తీశాడు.

"ఇస్తారని కాదు. అప్లై చేస్తే కనీసం నిరుద్యోగుల లెక్కలోకి వస్తా."

నేను రాస్తానన్నాను. వద్దన్నాడు. కాగితం జారకుండా కుడి అరచేత్తో అదిమిపెట్టాడు. ఎడమచేత్తో తన పేరు రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం దగ్గర ఊపిరి బిగబట్టాడు. మూడో అక్షరం గీత దాటిపోయింది. దాన్ని కొట్టేసి, పక్కనే మళ్లీ రాశాడు.

నలభై ఏళ్లయింది. ఆ పెన్ను ఇంకా నా కళ్లముందు కదులుతూనే ఉంది.