కేస్ షీట్‌లో మిగిలిపోయిన ప్రశ్న

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను పాతబస్తీలోని ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకు హెడ్ నర్సుగా వేశారు. బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు అక్కడ ఎనిమిది మంచాలు. కొత్తగా చేరిన బిడ్డ కేస్ షీట్‌లో కుటుంబ వివరాల పేజీ నింపడం నా పని. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందా, ఇంతకుముందు రేడియేషన్ గానీ క్యాన్సర్ మందులు గానీ ఇచ్చారా, గర్భంలో ఉండగా తల్లికి ఎక్స్‌రే తీశారా, ఇంట్లో పురుగుమందులు వాడతారా, ఇలా సాగుతుంది ఆ పేజీ. చివర రెండు గళ్లుంటాయి. సమాచారం ఇచ్చింది ఎవరు, అది నమ్మదగినదేనా అని.

నా గొంతు పెద్దది. మూడో మంచం దగ్గర మాట్లాడితే మెట్ల కింద వాచ్‌మన్ జవాబిస్తాడని డాక్టర్లు ఆటపట్టించేవారు.

గౌలిపురలో బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇంటి నుంచి నాలుగేళ్ల గీత వచ్చి చేరింది. చుట్టాలు చూడవచ్చే వేళ తల్లి లలిత, నాయనమ్మ అంజమ్మ పక్కనుండగా ఆ పేజీ తెరిచాను. ఎక్స్‌రే సంగతి అడిగితే, ఐదో నెలలో పన్ను నొప్పికి తీశారని లలిత చెప్పింది. ‘ఎక్స్‌రే, అవును’ అని పైకే చదువుతూ టిక్కు పెట్టాను. అంజమ్మ కోడలి వైపు తిరిగి చూసింది. నేను పట్టించుకోలేదు. ఇంతలో డాక్టరు పిలవడంతో పురుగుమందుల ప్రశ్న మిగిలిపోయింది.

పది రోజులకు గీతను ఇంటికి పంపారు. రోజూ మాత్రలు, ప్రతి మంగళవారం ఇంజక్షన్. ఆ మొదటి నెల మందులతోనే రోగాన్ని అణచాలి. అందులో వాయిదాలు పనికిరావు. అయినా మంగళవారం వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే తండ్రి యాదగిరి ఎత్తాడు.

“మా అమ్మ ఇంట్ల మస్తు లొల్లి చేసింది సిస్టర్. ఎక్స్‌రే మిషన్‌తోని వచ్చిన రోగాన్ని మళ్ల మిషన్ల కాడికే తీస్కపోతవా అంటది. లలితను జహనుమాకు, వాళ్ల అమ్మగారింటికి పంపింది. తల్లి లేకుంటే పోరి గోలీలు మింగుతలేదు.”

ఆ నిప్పు పెట్టింది నేనే. మర్నాడు పొద్దున డ్యూటీ మార్చుకుని కేస్ షీట్ పట్టుకుని గౌలిపుర వెళ్లాను.

అంజమ్మ కొట్టంలో ఉంది. పంటి ఎక్స్‌రే కడుపులో బిడ్డను తాకేది లెక్కలోకి రానంత తక్కువని, ఎక్కువమంది పిల్లల్లో ఈ రోగానికి కారణమే దొరకదని, అందరి ముందు అలా అడగడం నా తప్పని చెప్పాను. ఆమె నా చేతిలోని కేస్ షీట్ వైపు చూసింది.

“గా కాయితంల నా పేరు గిట్ల ఉందా, సిస్టరమ్మా?”

ఎందుకుంటుందని అడిగాను.

“పోరి ఉయ్యాలల ఉన్నప్పుడు ఈడనే బర్రెలకు గోమార్ల మందు కొట్టిన. కోడలు వద్దన్నది. నేనే ఇనలే.”

గోమార్లంటే పశువుల రక్తం పీల్చే పురుగులు. ఆ మందులపై అనుమానం ఉందని, ఈ బిడ్డకు దానివల్లే వచ్చిందని మాత్రం ఎవరూ చెప్పలేరని, ఇకపై పిల్ల దగ్గర కొట్టవద్దని ఉన్నదున్నట్టు చెప్పాను. అంజమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆటో పిలిపించి, కోడలిని తీసుకురావడానికి తానే జహనుమా బయల్దేరింది.

ఆ మధ్యాహ్నమే అత్తాకోడళ్లిద్దరూ గీతను తీసుకుని వార్డుకు వచ్చారు. ఒక్క రోజు ఆలస్యంతో ఇంజక్షన్ పడింది. చికిత్స రెండేళ్లకు పైగా సాగింది. గీత ఇప్పుడు బడికి పోతోంది.

ఆ తర్వాత విరమణ రోజు దాకా ఆ పేజీని తలుపు వేసిన గదిలో, ఒక్కొక్కరితో విడిగా నింపాను. ఈ ప్రశ్నలు తప్పు ఎవరిదో తేల్చడానికి కాదని ముందే చెప్పి, ఆ తర్వాతే పెన్ను తీసేదాన్ని. అడిగే తీరు సరిగా లేకపోతే మందు కూడా బిడ్డదాకా చేరదని నాకు అర్థమైంది. నిజం చెప్పి ఆ మాట నేర్పిన అంజమ్మకు నేను రుణపడి ఉన్నాను.

గీత పేజీని ఆ మధ్యాహ్నమే పూర్తి చేశాను. పురుగుమందులు, వాడారు. సమాచారం ఇచ్చింది, నాయనమ్మ. రెండో గడిలో ‘నమ్మదగినది’ అని రాసి సంతకం పెట్టాను.