నిండు సీసా

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టీ కుట్టీ ఆమె పేరే కాలరక్క అయిపోయింది. బాత్రూముకని లేస్తే సూపర్‌వైజరు నలుగురిలో నోరు పారేసుకుంటాడని, పొద్దుట్నించీ గుక్కెడు నీళ్లు తాగదు. సాయంత్రానికి పొత్తికడుపులో మంట. ఇంటినుంచి తెచ్చుకున్న సీసా మాత్రం మిషను పక్కన నిండుగా, అలంకారంగా ఉంటుంది.

ఆ రోజు చొక్కాలు కొనే కంపెనీ తరఫున తనిఖీకి ఒకావిడ వచ్చింది. "నీళ్లు తాగనిస్తున్నారామ్మా?" అని అడిగింది. ఆవిడ వెనకాలే సూపర్‌వైజరు.

"వద్దని ఎవరూ అనలేదండీ."

అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ సంతోషించి, నిండు సీసాను ఫొటో తీసుకుని వెళ్లింది.

అంతలో దారం తెగింది. సూదికి ఎక్కిద్దామని కాలరక్క కొసను నోట్లో పెట్టుకుంటే పొడిగానే బయటికొచ్చింది. పక్క మిషను అమ్మాయికి అందించింది.

"చెల్లీ, కాస్త తడిపివ్వవే."

"నా నోట్లో మాత్రం తడెక్కడిదక్కా?"