మహీధర్ ముందుపన్ను

నాంపల్లి బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించే మహీధర్‌కు కోపం ముక్కుమీదే ఉంటుంది. బరాత్ మధ్యలో పెళ్లికొడుకు మేనమామ వచ్చి వేరే పాట అడిగినా, పట్టిన పాట పూర్తయ్యేదాకా కన్నెత్తి చూడడు. వాయించాక లోపలికి గుడ్డ దూర్చి తడి తుడవకుండా క్లారినెట్‌ను పెట్టెలో పెట్టినవాళ్లను ఏళ్ల తరబడి తిట్టిపోశాడు. "ఉమ్మి లోపల్నే కుళ్తది. పెట్టె మూస్తే సాఫైతదా?" అనేవాడు.

అలాంటి మనిషి పన్నును సరిగ్గా అలాగే మూసేశారు.

అది పైవరస ముందుపన్ను. క్లారినెట్ మూతి ఆనేది దాని మీదే. అది పోతే మహీధర్ విద్య పోయినట్టే. చలికాలంలో చీము పడితే, లక్డీకాపూల్ దాటాక ఒక క్లినిక్‌లో ఒక్క పూటలో రూట్ కెనాల్ చేసి పంపారు. ఎండాకాలం పెళ్లిళ్లు మొదలవగానే చిగురు మళ్లీ ఉబ్బింది. తిరిగి వెళ్తే ఆ డాక్టర్ తాపీగా "పీకేద్దాం" అన్నాడు. పీకేయడానికి అదేమన్నా వాడి తాత సొమ్మా? మహీధర్ కుర్చీని ఒక్క తోపు తోసి లేచి వచ్చేశాడు.

అబిడ్స్‌లో మేడమీద క్లినిక్ నడిపే నళిని డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి మొహం చిట్లించింది.

"వేరు లోపల మంచిగ కడగలేదు మహీధర్‌గారూ. క్రిములను లోపల్నే ఉంచి మూసిన్రు. పన్ను దక్కుతది. కానీ పాతదంతా తీసి మళ్లా కడగాలె."

"కడగకుండ మూసుడేంది? వాడు డాక్టరేనా?"

"మీరేమన్న తొందరపెట్టిన్రా?"

మహీధర్ భగ్గుమన్నాడు. "ఔ, పెట్టిన. పొద్దుమీకి బరాత్ ఉన్నది, జర జల్ది కానియ్యమన్న. నేనంటే మాత్రం? పెళ్లోళ్లు జల్ది కానియ్యమంటే నేను శ్రుతి తప్పుతనా?"

నళిని నవ్వలేదు. "మరి ఇయ్యాల ఉన్నదా బరాత్?"

"ఉన్నది. గీ రోడ్డుమీదికెల్లే పోతది."

"మందు పొయ్యాలె, ఉంచాలె, తీసి మళ్లా పొయ్యాలె. నడుమల లేచిపోతే పాత కథే. నేను చెప్పేదాక ఊదుడు కూడ బంద్."

అంతలో ఫోన్ మోగింది. మేళం యజమాని వరప్రసాద్. "ఒక గోలీ వేసుకొని వచ్చెయ్ మహీధర్. నువ్వు రాకుంటే మా బామ్మర్ది సుశాంత్‌తో వాయిపిస్తా."

సుశాంత్ అంటే, తడి క్లారినెట్‌ను పెట్టెలో పెట్టేవాళ్లలో మొదటివాడు. మహీధర్‌కు ఒళ్లు మండిపోయింది. "వాయిపించుకో," అని ఫోన్ ఆపేసి నోరు తెరిచాడు.

మత్తు ఇచ్చాక నళిని పన్ను చుట్టూ రబ్బరు పొర బిగించింది. పాత పూడికంతా తీసింది. సన్నటి సూదితో వేరులోకి మందు పోస్తుంటే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. పోసి ఆగింది. తీసి మళ్లీ పోసింది. ఆమెకు తొందర లేదు.

వీధిలో డప్పు వినిపించింది. ఆ వెనకే క్లారినెట్, మహీధర్ స్వయంగా కట్టిన బాణీ. పైస్థాయికి వెళ్లేచోట సుశాంత్ గొంతు పిసికినట్టు వాయించాడు. తిట్టడానికి మహీధర్ నోటికి రబ్బరు పొర అడ్డం, లేవడానికి వీల్లేదు.

"కదలకున్రి," అంది నళిని. "ఇంకా మురికి వస్తున్నది."

తప్పు పలికిన చోటే జనం ఈలలు వేశారు. ఒక్కడికీ తెలియలేదు. ఎవరో "మళ్లా వాయించు" అని అరిచారు కూడా. మహీధర్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, నోరు ఇంకాస్త తెరిచాడు.